గీతకి అవతల పుల్లయ్య లంక

మధ్యాహ్నం రెండింటికి మా ట్రక్కులు రావులపాలెం చేరాయి. వాన వెలిసి ఎండ చుర్రుమంటోంది. అరటి మార్కెట్లో లారీలు కదలక గెలలు మగ్గిపోయాయి, ఈగలు ముసురుతున్నాయి. మాకిచ్చిన షెడ్డులో గెలలు పక్కకి జరిపి బియ్యం బస్తాలు, నీళ్ళ క్యాన్లు, పెట్రోలు డబ్బాలు దింపాం. తొంభైల్లో గోదావరి పొంగిన ఒక ఆగస్టు అది. నేను సైన్యంలో సరఫరా విభాగం హవల్దారుని. మంచులో చేశాను, రాజస్థాన్ ఇసుకలో చేశాను. సొంత జిల్లాలో డ్యూటీ పడటం అదే మొదలు, అదే ఆఖరు. మాది రామచంద్రపురం దగ్గర. ఆ సంబరం మొహంలో కనపడకుండా దాచుకోలేక తంటాలు పడ్డాను.

మా వీధిలో వాళ్ళు "వరదలో జనాన్ని కాపాడారటగా" అంటారు. కాపాడాం. నాకు గుర్తొచ్చేది మాత్రం అది కాదు.

పని చెప్పుకోవడానికి తేలికే. ఏటి నడుమ ఇసుక మేట వేసి ఏర్పడిన లంకలు ఇరవైకి పైగా నీళ్ళలో చిక్కుకున్నాయి. మా దగ్గర మోటారు బిగించిన రబ్బరు పడవలు ఆరే. ఏ పడవ ఏ లంకకి వెళ్ళాలి, ఎంత బియ్యం, ఎన్ని నీళ్ళు, తిరిగి రావడానికి ఎంత పెట్రోలు? మొదటి రోజు మా కెప్టెన్ దీన్నంతా ఒకే లెక్కగా తేల్చాలని కూర్చున్నారు. ఒక పడవని ఇటు జరిపితే నాలుగు లంకల లెక్క తారుమారయ్యేది. అది సర్దేలోగా ఏరు ఇంకో జానెడు పెరిగేది. సాయంత్రానికీ లెక్క తెగలేదు. ఆ రోజు రెండు పడవలే కదిలాయి.

మర్నాడు పొద్దున్నే ఆయన ఆ కాగితాలు చింపేశారు.

"ఇంత పెద్దది ఒకేసారి మింగుడుపడదు. ముక్కలు చేద్దాం," అన్నారు. ఆయనది హిందీ, నేను తెలుగులో చెబుతున్నాను.

మూడు ముక్కలు చేశారు. గౌతమి పాయ ఒకటి, వశిష్ఠ పాయకి తూర్పు గట్టు ఒకటి, పడమటి గట్టు ఒకటి. ఒక్కో ముక్కకి రెండు పడవలు, సొంత సరుకు, సొంత రేడియో. ఎవరి ముక్క వాళ్ళే తేల్చుకోవాలి.

"కానీ రోజూ సాయంత్రం అంచుల మీద ఉన్న లంకల గురించి పేరుపేరునా మాట్లాడుకోండి. తేడా వస్తే అక్కడే వస్తుంది," అని నా వైపు తిరిగారు. "నువ్వు ఇక్కడివాడివి. వశిష్ఠ మీద గీత నువ్వే గియ్యి."

ఛాతీ విరుచుకుని పెన్సిలు అందుకుని మ్యాపు మీద గీత గీశాను. తూర్పుగోదావరి జిల్లా లంకలు తూర్పు గట్టుకి, పశ్చిమ జిల్లావి పడమటి గట్టుకి. మా వైపు వాళ్ళం అలాగే ఆలోచిస్తాం. పులస పులుసు ఎవరు బాగా వండుతారన్న దగ్గర్నుంచీ మీ జిల్లా, మా జిల్లా అంటూ పంతాలకి పోతాం. ఏటికి జిల్లాలు తెలియవన్న సంగతి ఆ నిమిషాన నా బుర్రకి తట్టలేదు.

ముక్కల పద్ధతి బ్రహ్మాండంగా పనిచేసింది. మధ్యాహ్నానికల్లా ఆరు పడవలూ నీళ్ళ మీదున్నాయి. నన్ను పడమటి గట్టుకి వేశారు. మోటారు నడిపేది నా కింది ర్యాంకు నాయక్ ఒకడు, మలయాళీ. పుల్లయ్య లంక పక్కనుంచి పోతుంటే బడి డాబా మీద జనం కనిపించారు. కండువాలు ఊపుతున్నారు.

"సాబ్, మనల్నే పిలుస్తున్నారు," అన్నాడు నాయక్.

మ్యాపు చూశాను. ఆ లంక తూర్పు జిల్లాది, నా గీతకి అవతలుంది. రేడియో తీశాను.

"పడమర నుంచి బేస్‌కి. పుల్లయ్య లంక మీద జనం ఉన్నారు. ఓవర్."

"అది తూర్పు వాళ్ళది. వాళ్ళు చూసుకుంటారు. నువ్వు ముందుకి పో. ఓవర్."

పడవలో ఉన్నవి మా లంకకి సరిపడా నీళ్ళే. ఇక్కడ దింపితే అక్కడ తక్కువవుతాయి. "వేరే పడవ వస్తుందండీ!" అని అరిచాను. అర్థమైనట్టు తలలూపారు.

సాయంత్రం రేడియోలో తూర్పు గట్టు సుబేదార్ "అన్నీ పూర్తి" అన్నాడు. నేనూ "అన్నీ పూర్తి" అన్నాను. ఒళ్ళు హూనమై ఉన్నాం. లంకల పేర్లు ఎవరూ ఎత్తలేదు. మర్నాడు మళ్ళీ అటే వెళ్ళాం. ఈసారి ఒక్క చెయ్యే లేచింది. నేను పెట్రోలు డబ్బా మూత బిగిస్తున్నట్టు తల దించుకున్నాను. మూత బిగించే ఉంది.

ఆ మరుసటి పొద్దున సుబేదార్ రేడియోలో అడిగాడు. "పుల్లయ్య లంకకి మీరిస్తున్నారుగా, ఆ లెక్కన మీకు ఎన్ని క్యాన్లు పంపమంటావు?"

"మేమెక్కడ ఇచ్చాం? అది మీదే కదా!"

అప్పుడు బయటపడింది. ఎప్పుడో ఏరు దారి మార్చి ఆ లంకని పడమటి గట్టు వైపు వదిలేసింది. తూర్పు నుంచి వెళ్ళాలంటే నడి ప్రవాహం దాటాలి, వాళ్ళ పడవలు దాటలేకపోయాయి. మా పడవ దాన్ని రాసుకుంటూ పోవడం అవతలి నుంచి చూసి, మేమే ఇస్తున్నామనుకున్నారు.

క్యాన్లు నింపుకుని వెళ్ళాం. డాబా మెట్ల దగ్గర ఒక పెద్దావిడ ఎదురొచ్చింది. ఆవిడ కూతురు పచ్చి బాలింత, కింద నీళ్ళు చేరితే డాబా మీదే పట్టా కట్టి పడుకోబెట్టారు.

"ఏ ఊరు బాబూ మీది?"

"రామచంద్రపురం దగ్గరండి."

"అయ్యో, మనోరే!" అంటూ వెనక్కి కేక వేసింది. ఒకాయన కొబ్బరి బొండాం చెక్కి రెండు చేతులతో అందించాడు.

"ఎండన పడొచ్చారు. ముందు తాగండి."

"వద్దండీ. మీకే నీళ్ళు తెచ్చాం."

"మొహమాటపడకండీ. మా లంకకొచ్చి ఉత్తినే వెళ్తారేంటండీ?"

కాదంటే చిన్నబుచ్చుకుంటారని నాకు తెలుసు. నాకు దాహంగా కూడా ఉంది. గటగటా తాగేశాను. ఆయన అప్పుడడిగాడు. "నిన్నా మొన్నా వెళ్ళింది మీ పడవేనాండీ?"

"ఆయ్," అన్నాను.

"అదే అనుకున్నామండీ. అవతలోళ్ళకి మాకంటే ఇబ్బందిగా ఉండుంటుంది, అందుకే ఆగలేదని చెప్పుకున్నాం."

తిట్టి ఉంటే బాగుండేది. క్యాన్లు దింపి, తల్లినీ బిడ్డనీ పడవలో గట్టుకి చేర్చాం. ఇద్దరూ బతికారు. ఆ మధ్యాహ్నమే గీత చెరిపి మళ్ళీ గీశాను. ఏటి పోటు తగ్గాక మా ట్రక్కులు వెనక్కి వెళ్ళిపోయాయి. కెప్టెన్ అందరి ముందూ నా భుజం తట్టి, ఇక్కడివాడు ఉండబట్టే పని జరిగిందన్నారు. నేను సెల్యూట్ కొట్టాను.

ఉద్యోగం మానేసి ఇంటికొచ్చి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ ఎవరైనా బొండాం చేతికిస్తే పక్కవాళ్ళకి ఇచ్చేస్తాను. ఆ రోజు నేను తాగి కింద పెట్టిన బొండాన్ని పెద్దావిడ వెంటనే తీసుకుంది. రెండుగా కొట్టించి, పెచ్చుతో లోపలున్న కాస్త లేత కొబ్బరీ గీకి, ఆకులో పెట్టుకుని కూతురి దగ్గరికి నడిచింది. అప్పుడు చూశాను. గోడవార పోగేసిన బొండాలన్నీ చిప్ప తేలేదాకా గీకేసి ఉన్నాయి. నిండుది ఇంకొక్కటి కూడా లేదు.