అత్త ముందు ఏరుకున్న రోజు

నా చిన్నప్పుడు ఎండాకాలం పొద్దుటిపూటలు ఎంత మెత్తగా ఉండేవో చెబితే నా మనవరాలు పకపకా నవ్వుతుంది. మైదుకూరు ఎండలు మెత్తగానా అవ్వా, అంటుంది. ఏం చేసేది, నాకు అట్లాగే గుర్తు. దున్నిన చేను మీద పల్చగా దుమ్ము తేలుతుండేది. దూరాన కొండలు ఉన్నాయో కరిగిపోతున్నాయో తెలిసేది కాదు. అట్లాంటి ఒక పొద్దున మా నాయన కాలితో గీత గీస్తూ పోతుంటే, వెనకాలే నేను ఆ గీత మీద ముగ్గుపిండి పోసుకుంటూ నడిచాను. మా భూమి పంచుతున్నారని తెలుసు. నాకు మాత్రం అదొక ఆట.

మా తాతకు ముగ్గురు బిడ్డలు. నాయన పెద్దవాడు, తర్వాత చిన్నాయన, అందరికంటే చిన్నది మా అత్త. అత్తకింకా పెళ్లి కాలేదు. అప్పట్లో కొత్త చట్టం వచ్చింది, పెళ్లికాని ఆడపిల్లకు కూడా తాతలనాటి ఆస్తిలో అన్నదమ్ములతో సమానంగా భాగమని. ఆ తర్వాత కొన్నాళ్లకే తాత పోయాడు. నాయన ఊరుకుంటాడా? నాకు భాగం వద్దు అని రాయించిన కాగితం తెచ్చి అత్త ముందు పెట్టాడు. సంతకం పెట్టిందంటే ఆమెకు ఆ ఇంట్లో పూటకింత ముద్ద తప్ప ఇంకేమీ మిగలదు. అత్త సంతకం పెట్టలేదు, ఏడవనూ లేదు. తలొంచుకుని బియ్యం చెరుగుతూ కూర్చుంది. మూడు రోజులు ఆ కాగితం అక్కడే ఉంది. ఆఖరికి మా జేజి, అంటే నాయన తల్లి, ఆ కాగితం మడిచి బొడ్లో దోపుకుంది. తనకేమీ వద్దని, పెద్దోడివి నువ్వే మూడు భాగాలు చెయ్యమని నాయనకు చెప్పింది.

చేశాడు మహానుభావుడు. బావి ఉన్న నల్లనేల ఒక భాగం, దాని పక్కన ఓ మోస్తరు నేల ఒకటి, వంక అవతల రాళ్లు తేలిన గరుసు నేల ఒకటి. కొలతకు మూడూ సమానమే. మా వైపు ఒక పద్ధతి ఉండేది, పెద్దవాడు పంచితే చిన్నవాడు ముందు ఏరుకోవాలి. అందుకే నాయన ముందుగానే చిన్నాయనతో మాట్లాడుకున్నాడు. నువ్వు పక్కభాగం తీసుకో, నీ తర్వాత నేను బావి భాగం తీసుకుని నీకూ నీళ్లు పారిస్తాను అన్నాడు. నేను ముగ్గుపిండి డబ్బా పట్టుకుని అక్కడే ఉన్నాను. పిల్లదానికేం తెలుస్తుందిలే అనుకున్నారు. అత్తకు గరుసు నేల మిగులుతుందని నాకు బాగానే తెలిసింది. మా నాయన ఎంత తెలివైనవాడో అని మురిసిపోయాను కూడా, సిగ్గులేకుండా.

ఎండ ముదరకముందే అందరం గట్టు మీద చేరాం. చిన్నాయన ఏరుకోవడానికి ఒక అడుగు ముందుకేశాడు. జేజి చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు యాడికి పోతాండావు? ఇంట్లో చిన్నది అది గదా," అని అత్తను చూపించింది.

"ఆడపిల్ల గదమ్మా," అన్నాడు నాయన.

"ఏమప్పా, దానికీ భాగం పెడితివి గదా. వంతు ల్యాకుండా పాయనా?"

చిన్నాయన అడుగు వెనక్కి వేశాడు. అత్తకు ఏది మంచిదో తెలియక కాదు, బావి ఎదురుగానే ఉంది. అన్న ముఖం చూసి చెప్పలేకపోయింది. నా దగ్గరకొచ్చి, భుజం మీద చెయ్యేసి, నీ వంతైతే యాది తీసుకుంటావు పాపా, అని మెల్లగా అడిగింది. నాయన నా వైపే చూస్తున్నాడు. నాయనంటే నాకు ప్రాణం. పైగా ఆ బావి ఆయనకొస్తే మాకే కదా!  అత్త నా భుజాన్ని గట్టిగా పట్టుకుంది.

"బాయి ఉండేది," అన్నాను.

నాయన ముఖం మాడిపోయింది. గీతలు సరిగా పడలేదు, మళ్లీ గీస్తా అన్నాడు. జేజి నవ్వింది. గీసుకో నాయనా, పొద్దుగూకేదాకా గీసుకో, ముందు ఏరుకునేది మాత్రం అదే, అంది.

ఈసారి నాయన నడక వేరు. నాలుగడుగులు వేసి ఆగుతాడు. అదే తనకు మిగిలితే ఎట్లాగని చూసుకుంటాడు. మళ్లీ నడుస్తాడు. మూడు భాగాలూ వచ్చి బావి దగ్గరే కలిశాయి, గరుసు నేల ముగ్గురికీ తలా కాస్త పడింది. ఆ వెలుతురులో ఆయన అట్లా తిరుగుతుంటే కలలో మనిషిని చూసినట్టే ఉండేది. అత్త వాటిలో ఏది ఏరుకుందో ఇప్పుడు గుర్తే లేదు. ఏది ఏరుకున్నా ఒకటే మరి.

నాయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు చట్టం పెళ్లయిన ఆడపిల్లకూ భాగమిస్తుంది కదా, మొన్న నా తమ్ముడు చీర పెట్టి, పక్కనే నాకు భాగం వద్దు అని రాయించిన కాగితం కూడా పెట్టాడు. చదివి నవ్వుకున్నాను. సంతకం పెట్టనురా అబ్బాయ్, పెద్దదాన్ని నేను పంచుతా, చిన్నోడివి నువ్వు ముందు ఏరుకో అన్నాను. వాడు తెల్లబోయాడు.

నాయన భాగం చేలోకి దిగి నేనే గీశాను. గీస్తుంటే ఒకచోట, నాకు మిగులుతుందనుకున్న భాగంలోకి మంచి నేల కలుపుకోవాలని నా కాలు కాస్త పక్కకు జరగబోయింది. ఎవరూ చూడలేదు. నేనే ఆగి, కాలు వెనక్కి తీసుకున్నాను. ఆ రోజు రెండోసారి గీసేటప్పుడు మా నాయన ఎంత కష్టపడ్డాడో ఇన్నేళ్లకు తెలిసి, అక్కడే నిలబడి ఏడ్చాను.