కండ్లు తెరిచిన కాయలు

దేవరకొండ బస్టాండు బయట ఒకామె గంపలో సీతాఫలాలు పెట్టుకొని అమ్ముతోంది. ఆ వాసనకు నాకు ముందుగా గుర్తొచ్చేది పండు కాదు, హాస్టల్లోని నా రేకుపెట్టె.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు, నేను పదో తరగతి. అమ్మానాన్నలు పుణెకు పనికి పోయారు. అందరి తల్లిదండ్రులూ వచ్చే ఆదివారాల్లో నేను లెక్కలు చేసుకునేదాన్ని. దిగులేమీ ఉండేది కాదు. మాటలంటే టైం దండగ అనుకునేదాన్ని.

ఒక ఆదివారం సాయంత్రం పెట్టె తెరిస్తే, మడతపెట్టిన బట్టల కింద సీతాఫలం కాయలున్నాయి. కండ్లు విచ్చుకున్నాయి గానీ ఇంకా రాళ్లలా ఉన్నాయి. పక్క మంచం స్వరూప వాళ్లమ్మ గుట్టమీద తెంపుకొచ్చినవి.

"నా పెట్టెల ఎందుకు పెట్టినవే?" అన్నాను.

"నాది ఊకె తెరుస్తుంట. గాలి తగిలితే మాగవు. నీది ఎప్పుడూ మూసే ఉంటది గదా."

నిజమే అనిపించింది. జాగా ఇచ్చానంతే.

మూడో రోజుకు గదంతా వాసన. స్వరూప మెత్తబడ్డ పండు ఒకటి తీసుకొని పోబోయింది.

"మిగిలినవి?"

"నీ పెట్టెల ఉన్నయి నీయే గదా. నీకని చెప్పే మా అమ్మతోని తెప్పిచ్చిన."

నేను తలూపి పుస్తకం తీశాను. ఆ తర్వాత, వాసన పోయేదాకా బట్టలు ఉతికాను.

కాయలు మాగడానికి బియ్యం డబ్బా మంచిది. ఇప్పుడు మా ఇంట్లో అది ఉంది. అయినా నేను వాటిని బీరువాలో, చీరల మధ్యనే పెడతాను.