తాతయ్య కారూ, ఒలికిన బ్రేకాయిలూ

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే శ్రద్ధగా స్నానం చేయించుకున్నది నేను కాదు, మా తాతయ్య కారు. కంచరపాలెంలో కుళాయి రోజు విడిచి రోజు వచ్చే కాలం అది, తొంభైల మొదట్లో. అమ్మ బిందెలు నింపుకుని అటు తిరగ్గానే ఈయన ఓ బకెట్టు నీళ్ళు గప్‌చిప్‌గా షెడ్డులోకి పట్టుకుపోయేవాడు.

తాతయ్య గోదావరి వైపు నుంచి పోర్టులో క్రేను నడపడానికి వచ్చి, ఇక్కడే రిటైరై, ఇక్కడే ఉండిపోయాడు. ఎవరో పెద్ద ఆఫీసరు ఊరు వదిలి వెళ్తూ వదిలించుకున్న నల్ల విలాయతీ కారును తెచ్చుకుని, రైలు పట్టాల వైపున్న మా పెరట్లో రేకుల షెడ్డు వేసి పెట్టుకున్నాడు. బండి మా నాన్నకంటే వయసులో పెద్దది. దాన్ని విప్పడం, తుడవడం, మళ్ళీ బిగించడం, ఆయనకు పేకాటైనా సినిమా అయినా తీర్థయాత్రైనా అదే. మా నాన్నకు మాత్రం ఆ కారును చూస్తే ఒళ్ళు మండేది. స్టీల్‌ప్లాంట్‌లో నైట్ షిఫ్టు చేసి వచ్చి పడుకుంటే షెడ్డులోంచి సుత్తి చప్పుడు. దానికి తోడు, అంతకు ముందు నెలలో ఆ బండి రైల్వే గేటు మధ్యలో ఆగిపోయింది. నలుగురు కలిసి తోశారు. ఆ రోజు నాన్న తేల్చి చెప్పేశాడు, ఇంకొక్కసారి ఏదైనా జరిగితే పాత ఇనుము కింద అమ్మేస్తానని. మా నాన్న అన్నంత పనీ చేసే మనిషి. తాతయ్య తాళంచెవిని అప్పటినుంచీ మొలతాడుకు కట్టుకుని తిరిగాడు.

ఇక నా సంగతి. నాకు పదేళ్ళు. శనివారాలు నేనే ఆయన రెండో చెయ్యి. అలాగని ఆయనేమీ ముద్దు చేసే రకం కాదు. ఒకసారి ఓ చిన్న నట్టు నా చేతిలోంచి జారి కాలవలో పడితే రెండు వారాలు నన్ను షెడ్డు గడప తొక్కనివ్వలేదు. ఆ రెండు వారాలూ నేను ఏడవని రోజు లేదు. అదొకటి గుర్తుపెట్టుకోండి, తర్వాత జరిగినదానికంతటికీ అదే మూలం.

బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి తీయడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఆయన బండి కింద దూరి చక్రం దగ్గర చిన్న నట్టు వదులు చేస్తాడు. పైనుంచి నేను బ్రేకు తొక్కాలి. గాలీ పాత ఆయిలూ బయటికి వచ్చేస్తాయి. "తొక్కు", "వదులు", ఇవే మాటలు. నాలుగుసార్లు తొక్కాక నేను దిగి, బానెట్ కింద ఉన్న చిన్న డబ్బాలో ఆయిలు తగ్గినంత పోయాలి. ఆయన కళ్ళజోడు కింద పడకుండా తాడుతో నా మెడలో వేసుకునేదాన్ని. కళ్ళజోడు లేకపోతే ఆయనకు ఏదీ సరిగ్గా కనపడేది కాదు, కింద నట్టులన్నీ తడుముకునే విప్పేవాడు.

ఆ శనివారం ఆయిలు టిన్ను నా మోచేయి తగిలి బోర్లా పడింది. సగానికి సగం మట్టిలోకి ఇంకిపోయింది. కింద నుంచి "పోశావా?" అని కేక. చెప్తే మళ్ళీ రెండు వారాలు, కాదు, ఈసారి జన్మలో రానివ్వడు. పక్కనే రేడియేటరు కోసం పెట్టిన నీళ్ళ చెంబు ఉంది. టిన్నులో మిగిలిన ఆయిల్లో నీళ్ళు కలిపేశాను. "పోశాను తాతయ్యా" అన్నాను. నాలుగు చక్రాల పనీ అయ్యేదాకా అదే పోశాను.

మర్నాడు ఆదివారం. యారాడ బీచికి వెళ్దామన్నాడు. అమ్మ పులిహోర కట్టిచ్చింది. నాన్న గుమ్మంలో నిలబడి, "ఏటి నాన్నా, ఈ బండేసుకుని ఆ కొండెక్కుతావా?" అన్నాడు. తాతయ్య హారన్ కొట్టి బయల్దేరాడు. నేను ముందు సీట్లో దర్జాగా కూర్చున్నాను. నిజం చెప్పొద్దూ, ఒలికిన సంగతి మర్చిపోయాను కూడా.

కొండ ఎక్కాక, దిగుడు మొదలయ్యే చోట, బండికి ఊపిరి తీసుకోనివ్వాలని ఆపాడు. కింద సముద్రం. ఆయన మంచి హుషారులో ఉన్నాడు, నాకు పాఠం మొదలుపెట్టాడు. "ఈ దిగుడు చూశావా అమ్మడూ, ఇక్కడే బ్రేకాయిలు గొప్పతనం తెలిసేది. దానికి నీళ్ళంటే పడదు. చుక్క నీరు చేరిందనుకో, మామూలు రోడ్డు మీద ఏమీ తెలీదు. కొండ దిగేటప్పుడు చక్రాలు సలసలా కాగిపోతాయి కదా, ఆ నీరు ఆవిరైపోద్ది. ఆవిరి మీద కాలేస్తే బ్రేకు ఎక్కడ పడుద్దీ?" అని నవ్వి, బండి ఎక్కాడు.

నేనూ ఎక్కాను. చెప్పాలి, చెప్పాలి అనుకుంటూనే ఉన్నాను. మొదటి మలుపు వచ్చింది. ఆయన బ్రేకు తొక్కాడు, బండి బుద్ధిగా నెమ్మదించింది. ఏమీ కాదులే, ఆయన ఊరికే భయపెట్టడానికి చెప్పాడు అనుకున్నాను. రెండో మలుపు. ఈసారి కాలు ఇంకొంచెం లోపలికి వెళ్ళింది. నేను రోడ్డు చూడటం లేదు, ఆయన కాలే చూస్తున్నాను. వేడి వాసన మొదలైంది. ఎడమ పక్క కొండ, కుడి పక్క గాలి తప్ప మరేం లేదు. ఆయన ఏదో కూనిరాగం తీస్తున్నాడు. ఆ కూనిరాగమే నన్ను చంపేసింది. నా మీద నమ్మకంతోనే కదా అలా పాడుకుంటున్నాడు అనిపించింది.

"తాతయ్యా, నిన్న ఆయిలు ఒలికిపోయింది. నీళ్ళు పోశాను" అన్నాను.

పాట ఆగింది. ఆయన నా వైపు తిరగలేదు. గేరు కిందికి దించాడు, ఇంజను ఒక్కసారి గోలపెట్టింది. ఎడమ చేత్తో హ్యాండ్ బ్రేకు పట్టుకుని, "కాళ్ళు పైకెత్తి సీటు గట్టిగా పట్టుకో" అన్నాడు, అంతే. మూడో మలుపులో ఆయన కాలు నేలదాకా వెళ్ళిపోయింది. బండి ఆగలేదు. ఎదురుగా చేపల తట్టలతో ఆటో ఒకటి ఎక్కి వస్తోంది. తాతయ్య స్టీరింగును ఎడమకు తిప్పి, బండిని కొండ రాళ్ళకు ఆనించేశాడు. నా పక్క తలుపు గీరుకుంటూ, కిర్రుమంటూ, ఎంత దూరం పోయిందో తెలీదు, చివరికి ఆగింది.

ఆటోలో ఉన్న ఆడవాళ్ళు దిగి పరిగెత్తుకొచ్చి చక్రాల కింద రాళ్ళు పెట్టారు. "ఏటి తాతా, బ్రేకులు పోనాయా? గుంటకేటీ అవ్వనేదు గదా?" అంటూ ఒకావిడ, పిల్లకేమైందోనని, నన్ను తాతయ్య వైపు తలుపులోంచి లాగి ఒళ్ళంతా తడిమి చూసింది. ఆ చేతుల చేపల వాసన తగిలాకే నాకు ఏడుపొచ్చింది.

ఆ ఆటోవాడు పంపిన మెకానిక్ వచ్చేదాకా రోడ్డు పక్కన కూర్చున్నాం. పులిహోర పొట్లం విప్పి నా ముందు పెట్టాడు. నేను తిట్లకోసం ఎదురుచూస్తున్నాను. ఆయన చేతులకంటిన మసి గుడ్డతో తుడుచుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "ఇంకో మలుపు ఆగి చెప్పుంటే మనం లేం. చెప్పావు, చాలు. కాని ఆయిలు ఒలికిందని నాతో అనడానికి నీకు ప్రాణం మీదికి వచ్చేదాకా ధైర్యం చాల్లేదంటే, అది నా పాపమే అమ్మడూ. ఆ నట్టు కోసం నిన్ను అన్నేసి రోజులు ఏడిపించాను." నేను పులిహోర ఓ ముద్ద చేసి ఆయన చేతిలో పెట్టాను.

సాయంత్రం ఇంటికి చేరేసరికి నాన్న గేటు దగ్గరే ఉన్నాడు. నొక్కుకుపోయిన తలుపు చూశాడు, నన్ను చూశాడు, మొహం ఎర్రబడిపోయింది. ఏం జరిగిందని అడిగాడు. తాతయ్య తడుముకోకుండా చెప్పాడు, కళ్ళజోడు లేక ఆయిలు బదులు నీళ్ళు పోసేశాను, తప్పు నాదేనని. ఇక నాన్న ఆగలేదు. "కళ్ళు కనపడవు, మాట వినవు. పిల్లకేమైనా అయ్యుంటే? ఇటియ్యి తాళం" అని చెయ్యి చాపాడు. తాతయ్య మొలతాడు ముడి విప్పుతున్నాడు. ముడి రావడం లేదు.

కొండ మీద చెప్పడం కష్టమనుకున్నాను గాని, ఇది ఇంకా కష్టం. అక్కడ చెప్పకపోతే చస్తాం. ఇక్కడ చెప్పకపోతే నాకేమీ కాదు, తాతయ్య కారు పోతుంది, అంతే. నాన్న కళ్ళలోకి చూడలేక ఆయన చెప్పుల వైపు చూస్తూ చెప్పేశాను. ఒలకబోసింది నేను, నీళ్ళు కలిపింది నేను, తాతయ్యకు తెలీదు. ఆ నట్టు సంగతి కూడా చెప్పాను. "తిడతారని భయమేసింది నాన్నా."

నాన్న చెయ్యి అలాగే చాచి ఉంది. దెబ్బ పడుతుందని కళ్ళు మూసుకున్నాను. పడలేదు. "చెప్తే తిడతారనా?" అని ఒక్క మాట అడిగాడు. నన్నా, తాతయ్యనా, తననా, నాకు తెలీదు. ఆ చెయ్యి దించుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి అన్నం దగ్గర మాత్రం, "ఊళ్ళో తిప్పుకో, కొండ మాట ఎత్తకు" అన్నాడు. మేం మళ్ళీ ఆ కారులో యారాడ వెళ్ళలేదు. ఆ తర్వాతి శనివారం నాన్న తానే వచ్చి బ్రేకు తొక్కాడు, తాతయ్యకంటే ఎక్కువ విసుక్కుంటూ.

ఆయిలు పోసే పని మాత్రం నాదే. అప్పటినుంచి తాతయ్య బండి కింద నుంచి "పోశావా?" అనడం మానేశాడు. "ఏమైనా ఒలికిందా?" అని అడిగేవాడు, అన్నం తిన్నావా అన్నంత మామూలుగా. ఒలికితే ఒలికిందనేదాన్ని. "సర్లే, ఇంకో టిన్ను తియ్యి" అనేవాడు.

తాతయ్య పోయాక కారు ఎవరో ముచ్చటపడి కొనుక్కున్నారు. ఇప్పుడు నా కొడుక్కి పదిహేనేళ్ళు. ఇంటికొచ్చి బ్యాగు విసిరేసి, మొహం చాటేసి గదిలోకి పోయే రోజులుంటాయి. నాకు నాలుక చివరిదాకా కేకలు వస్తాయి. నేనేం శాంతమూర్తిని కాను. అయినా తలుపు దగ్గర ఆగి, తాతయ్య గొంతు ఎలా ఉండేదో గుర్తు చేసుకుని అడుగుతాను, "ఏమైనా ఒలికిందా నాన్నా?" అని. అడిగాక గొంతు పెంచకుండా వినడం మాత్రం నాకు ఇప్పటికీ ఆ కొండ దిగినట్టే ఉంటుంది.