గిరిజాబాయిగారి లెక్కలో మా బడి

మా అపార్ట్‌మెంట్ పక్క స్థలంలో పునాదుల కోసం బండ తొలుస్తున్నారు. నల్లగండ్లలో ఇలాంటి మోత లేని రోజంటూ లేదు. కిటికీలు మూసినా రాతిపొడి లోపలికి వస్తుంది. ఉతికిన బట్టల మీద పడిందని కోడలు విసుక్కుంటుంది. నాకు మాత్రం ఆ పొడి నాలుకకు తగలగానే రాయదుర్గం గుట్టలు, ఆ గుట్టల కింద నేను పిల్లలకు చదువు చెప్పిన బడి, ఆ బడిని చూడవచ్చిన గిరిజాబాయిగారు గుర్తుకొస్తారు. ఆమెను ఎరిగినవాళ్ళు ఇప్పుడు ఎవరూ మిగల్లేదు. నేనూ పోతే ఆమె పేరు తలచుకునే నోరే ఉండదు. అందుకే ఇది రాస్తున్నాను.

నిజాం పాలన పోయిన మరుసటి ఏడాది అది. పట్నంలో మేనత్త ఇంట్లో ఉండి మిడిల్ పాసై వచ్చిన నాకు మా ఊరు రాయదుర్గంలోనే పంతులమ్మ ఉద్యోగం దొరికింది. ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. ఇప్పుడు అద్దాల మేడలున్న చోట అప్పుడు ఏనుగుల మందలా బండరాళ్ళు, సీతాఫలం పొదలు, అక్కడక్కడా జొన్నచేలు ఉండేవి. బడి అంటే ఒకటే గది. పైన కవేలు పెంకులు, కింద పేడతో అలికిన నేల. పిల్లల్లో సగం మంది ఊరివాళ్ళు, సగం మంది గుట్టల్లో రాయి కొట్టే వడ్డెరవాళ్ళ పిల్లలు.

గిరిజాబాయిగారు మా తాలూకా బడుల ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. పట్నం మనిషి. చిన్న వయసులోనే భర్త పోతే పట్టుబట్టి చదువుకున్నారట. పొడుగ్గా, సన్నగా ఉండేవారు. తెల్లటి నేత చీర, గుండ్రటి కళ్ళద్దాలు. గోల్కొండ దాకా బస్సులో వచ్చి, అక్కడినుంచి ఎడ్లబండి ఎక్కి వచ్చారు. ఇన్‌స్పెక్టరు వస్తే పటేలు ఇంట్లో విందు చేయడం ఆనవాయితీ. పటేలు స్వయంగా బడి దాకా వచ్చి, "బాయిగారూ, వంట తయారైంది, రాండ్రి" అన్నాడు.

"నేను రొట్టె తెచ్చుకున్న, పటేల్‌సాబ్. మీరు ఫికర్ చెయ్యకుండ్రి" అని ఆమె గడప మీదే కూర్చుని డబ్బా విప్పారు. అందులో జొన్నరొట్టె, పచ్చిమిరప కారం. పటేలు ముఖం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయాడు. నేను భయపడిపోయాను. ఆమె రొట్టెలో సగం తుంచి నా చేతిలో పెట్టి, "నా చిన్నప్పుడు మా బడికి ఇన్‌స్పెక్టరుసాబ్ వచ్చేటోడు" అని చెప్పారు. "కోడికూర తినేటోడు. బడి బేషుగ్గ ఉన్నదని రాసిపోయేటోడు. మాకు ఎక్కం ఒక్కటి రాకపోయేది. గప్పుడే అనుకున్న, మనుషుల మాట నమ్మొద్దు, లెక్కను నమ్మాలె అని. లెక్కకు ఎవ్వరు విందు పెట్టలేరు."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్ళలో కనిపించిన కోపం నాకు ఎంతో నచ్చింది. అంతకు ముందు ఆడమనిషి అంత నెమ్మదిగా, అంత గట్టిగా కోపగించుకోవడం నేను చూడలేదు.

విద్యాశాఖ ఏటా ఒక నివేదిక అచ్చువేయించేది. ఏ ఊరి బడిలో ఎంతమంది చేరారు, ఎంతమంది పై తరగతికి వెళ్ళారు, ఎందరు నాలుగో తరగతి దాటారు, అన్నీ అందులో ఉండేవి. అది రహస్యమేమీ కాదు. ఎవరడిగినా కచేరీలో చూపించాల్సిందే. కాని అడిగినవాళ్ళు లేరు. గిరిజాబాయిగారు అడిగారు. పాత సంవత్సరాలవి కూడా తెప్పించుకుని, తాలూకాలోని బడులన్నిటినీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడాలనుకున్నారు. సాయంత్రమైతే ఆమెకు అక్షరాలు మసకగా కనబడేవి. ఆ ఎండాకాలం సెలవుల్లో నన్ను తోడు రమ్మన్నారు. పట్నంలో, హుస్సేనీఆలంలో ఆమె కిరాయికుండే ఇంట్లో, మిద్దె మీద చాప పరచుకుని, నేను అంకెలు చదువుతుంటే ఆమె పెద్ద కాగితం మీద రాసుకునేవారు. అంకెలతో మాట్లాడడం నాకు నేర్పింది ఆమే. "చూడు, ఈ ఊర్ల మొదటి తరగతిల గిన్ని పేర్లు. మూడోదాంట్ల ఒక్కటి లేదు. ఏడ వోయిన్రు వీళ్ళంత?" అనేవారు, తప్పిపోయిన పిల్లల్ని సంతలో వెతుక్కునే తల్లిలా.

పట్టిక పూర్తయిన రోజున అన్నిటికన్నా అడుగున మా రాయదుర్గం బడి ఉంది. చేరినవాళ్ళు ప్రతి ఏడూ బోలెడంతమంది. నాలుగో తరగతి దాకా మిగిలినవాళ్ళు దాదాపు లేరు. గిరిజాబాయిగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"నీ బడి అని జర పైకి జరపనా?"

"వద్దు, బాయిగారూ. ఒకసారి మళ్ళ వచ్చి చూడుండ్రి. గంతే."

బళ్ళు తెరిచాక ఆమె మాట ప్రకారం వచ్చారు. ఈసారి బడిలో కూర్చోలేదు. నాతోపాటు గుట్టల్లోకి నడిచారు. సుత్తుల చప్పుడులో, దుమ్ములో, మగవాళ్ళు బండను చీలుస్తుంటే ఆడవాళ్ళు కంకర కొడుతున్నారు. ఒక గుట్ట పని అయిపోతే వాళ్ళు గుడిసెలు విప్పుకుని ఇంకో చోటికి పోతారు. వాళ్ళ జాగాలో మరో గుంపు వస్తుంది. పిల్లలూ అంతే. మా బడిలో కొన్ని నెలలుంటారు, పోతారు. ఏటా కొత్త పిల్లలతో మళ్ళీ మొదటి తరగతే. నాలుగో తరగతి దాకా ఎవరుంటారు?

అక్కడ మంగ అనే పిల్ల ఉంది. తొమ్మిదేళ్ళుంటాయి. ఎండాకాలం సెలవులకు కొద్ది నెలల ముందే వచ్చి చేరింది. గిరిజాబాయిగారు పలక మీద ఒక వాక్యం రాసి ఇచ్చారు. మంగ చేతులకంటిన రాతిపొడి గౌనుకు తుడుచుకుని, ఒక్కో అక్షరం మీద వేలు జరుపుతూ, "మా... యమ్మ... రాయి... కొడు... తది" అని చదివింది. చదివి, తల్లి వైపు తిరిగి, "అమ్మా, నీ గురించే రాసిన్రు!" అని అరిచింది. తల్లి ఎల్లమ్మ సుత్తి ఆపి, కొంగుతో ముఖం తుడుచుకుని, నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడిపోయింది.

తిరిగి బడి దాకా వచ్చాం. బండి ఎక్కబోతూ గిరిజాబాయిగారు, "గింత కొద్ది నెలలల్ల చదువు నేర్పిన బడి తాలూకాల ఇంకోటి లేదు, సత్యమ్మా. నా పట్టికల నువ్వు ఆఖర్న ఉన్నవ్" అన్నారు.

అప్పటికే ఆలస్యమైంది. పట్టికను ఆమె ముందే పై కచేరీకి పంపి ఉన్నారు. అడుగున ఉన్న బడులకు మంచి పైకప్పు, రెండో పంతులు కావాలని అందులో కోరారు. పై అధికారి మద్రాసు వైపు నుంచి కొత్తగా వచ్చినవాడు. మంచివాడే. కాని ఖజానాలో డబ్బు లేదు, పంతుళ్ళు లేరు, ఉర్దూ బదులు తెలుగులో చదువు మొదలుపెట్టమని ఊరూరా అడుగుతున్నారు. బడులు కొన్ని మూయక తప్పదని, పట్టికలో అడుగున ఉన్నవాటినే మూయాలని అతను అనుకున్నాడు. గిరిజాబాయిగారు నన్ను సాక్ష్యానికి వెంటబెట్టుకుని వెళ్ళారు. మంగ సంగతి, గుట్టల సంగతి అంతా చెప్పారు. అతను ఓపిగ్గా విన్నాడు.

"మీరు చెప్పేది నాకు అర్థమైందండీ. కాని నేను పైవాళ్ళకు ఏం చూపించాలి? ఏ బడిని చూసినా అక్కడివాళ్ళు కన్నీళ్ళు పెట్టుకునే కథ ఒకటి చెబుతారు. అందుకే కదా మీరు లెక్క తీసింది?"

"లెక్కల అడగాల్సింది నేను అడగలేదు, సార్. ఎంతమంది మిగిలిన్రని చూసిన. ఉన్నన్ని దినాలు ఏం నేర్చుకున్నరని చూడలె."

"ఆ కాలమ్ నివేదికలో లేదు కదండీ" అన్నాడతను, నిజంగానే బాధపడుతూ. "పట్టిక మీదే. సంతకం కూడా మీదే. ఇంత చక్కటి పని మన శాఖలో ఎవరూ చేయలేదండీ."

ఆ మెచ్చుకోలు వింటూ ఆమె కూర్చున్న తీరు నేను మరచిపోలేను. చెంపదెబ్బ తిన్నా మనిషి అంత నిశ్చలంగా ఉండదు. తర్వాత కూడా ఆమె ఊరుకోలేదు. అర్జీ మీద అర్జీ పెట్టారు, పట్టిక మళ్ళీ వేసి పంపారు. జవాబు రాలేదు. దసరా సెలవుల తర్వాత మా బడి తెరుచుకోలేదు. నన్ను శేరిలింగంపల్లి బడికి మార్చారు. ఊరి పిల్లలు కొందరు గచ్చిబౌలి దాకా నడిచి వెళ్ళేవారు. గుట్టల పిల్లలకు ఆ దారీ లేదు. ఎల్లమ్మ నా దగ్గరకు వచ్చి, "పంతులమ్మా, మా పిల్ల ఏమన్న తప్పు చేసిందా? బడి ఎందుకు బందు వెట్టిన్రు?" అని అడిగింది. కొన్నాళ్ళకు ఆ గుంపు కూడా గుడిసెలు విప్పుకుని వెళ్ళిపోయింది.

ఆ చలికాలంలో గిరిజాబాయిగారికి జ్వరం పట్టుకుంది. వదలలేదు. క్షయ అన్నారు. దవాఖానలో వరండా చివరి మంచం మీద ఉండేవారు. నేను ఆదివారాలు వెళ్ళేదాన్ని. ప్రతిసారీ ఒకటే మాట అడిగేవారు: "ఆ పిల్ల ఏడున్నదో తెలిసిందా?" అందుకే ఇక వెతకడం మొదలుపెట్టాను. కొండాపూర్ గుట్టలు, హఫీజ్‌పేట స్టేషను వెనక కంకర కుప్పలు, ఎక్కడ సుత్తి చప్పుడు వినబడితే అక్కడికి వెళ్ళాను. చివరికి మదీనాగూడ దగ్గర, బొంబాయి రోడ్డుకు కంకర కొట్టే చోట మంగ కనబడింది. చంకలో తమ్ముణ్ణి ఎత్తుకుని ఉంది. నన్ను చూసి సంతోషంతో పరుగెత్తుకొచ్చింది. మట్టిలో మంగ పేరు రాసి చదవమన్నాను. చాలాసేపు చూసింది. మొదటి అక్షరం మీద వేలు పెట్టి, "ఇది 'మ'" అంది. రెండోది చూసి తల దించుకుంది. "యాదికి లేదు, పంతులమ్మా."

దవాఖానకు వెళ్ళే దారంతా ఏం చెప్పాలా అని ఆలోచించాను. అంతటి జబ్బు మనిషికి ఒక్క అబద్ధం చెబితే ఏం పోయింది? కాని ఆమె ముఖం చూశాక నోరు రాలేదు. "మరిచిపోయింది, బాయిగారూ. 'మ' ఒక్కటే గుర్తున్నది" అన్నాను.

ఆమె కళ్ళు మూసుకున్నారు. దగ్గు తగ్గేదాకా ఆగి, "మంచిగ చెప్పినవ్. నన్ను ఖుష్ చేద్దామని అబద్ధమాడుతవేమో అని భయపడ్డ" అన్నారు. కాసేపటికి నా చేయి పట్టుకుని, "ఒక్క అక్షరమన్న ఉన్నది గద. మళ్ళ పో. గక్కడి నుంచే మొదలువెట్టు" అన్నారు.

తర్వాతి ఆదివారం పలక కొనుక్కుని మదీనాగూడ వెళ్ళాను. గుడిసెలు లేవు. పొయ్యి రాళ్ళు మాత్రం నల్లగా మిగిలి ఉన్నాయి. రోడ్డు పని ముందుకు సాగిందని, ఎటు పోయారో తెలియదని అక్కడి కావలివాడు చెప్పాడు. ఈ సంగతి గిరిజాబాయిగారికి చెప్పే అవసరం రాలేదు. నేను దవాఖాన చేరేసరికి ఆ మంచం మీద దుప్పటి మార్చి ఉంది.

ఆ తర్వాత నేనూ పై చదువులు చదివి, ఆమె చేసిన ఉద్యోగమే చేసి రిటైరయ్యాను. ఎన్నో పట్టికలు వేశాను. లెక్క వద్దని నేను ఎన్నడూ అనలేదు, ఆమె కూడా అనలేదు. ఒక బడిని మూయమని కాగితం వస్తే మాత్రం బస్సెక్కి ఆ ఊరు వెళ్ళి, పిల్లల పక్కన కూర్చున్నాకే సంతకం సంగతి చూసేదాన్ని. కొన్ని బడులు నిలబెట్టగలిగాను. చాలావాటిని నిలబెట్టలేకపోయాను. నిలబెట్టలేనివే ఎక్కువగా గుర్తుంటాయి.

మొన్న కంటి దవాఖానలో నా పక్కన కూర్చున్న ముసలామెను నర్సు "మంగమ్మ" అని పిలిచింది. "చిన్నప్పుడు రాయదుర్గం గుట్టలల్ల ఉన్నరా, అమ్మా?" అని అడిగాను. "లే, మాది మెదక్ దిక్కు" అందామె. "చదువొస్తదా?" అన్నాను. "నాకెవ్వరు చెప్పిన్రు, తల్లీ" అని నవ్వింది. ఆమె చేతిలోని చీటీ తీసుకుని, దాని మీద పేరు ఎక్కడుందో చూపించి, వేలు పట్టుకుని ఒక్కో అక్షరం మీదుగా నడిపించాను. ఆమె చీటీని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"గింతేనా నా పేరు?" అంది.