ఉడుత మీద వేసిన నింద

మా పక్కింటి పెద్దాయన పోయారు. గురువారం పొద్దున నేను ఆఫీస్ కాల్‌లో ఉండగా ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. రెండు రోజులు హాస్పిటల్లో ఉన్నారట, నిద్రలోనే వెళ్లిపోయారట. శనివారం చర్చి హాల్లో అందరం కలుస్తున్నాం, ఎవరికి తోచింది వాళ్లు రెండు మాటలు చెబుతారు, మీరూ రండి అంది. సరేనని పెట్టేశాను. ఆ రెండు రోజులూ కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. బేస్‌మెంట్‌లోకి దిగడం, ఎందుకు దిగానో తెలియక మళ్లీ పైకి రావడం. బాధ ఒక్కటే అయితే ఒక మూల కూర్చుని ఏడ్చేవాణ్ని.

పక్కిల్లు అన్నాను గానీ మా రెండిళ్ల మధ్య పెద్ద మొక్కజొన్న చేను ఉంది. మేం అంతకుముందు ఉన్న నేపర్‌విల్ నగరం నుంచి పడమటికి గంటన్నర డ్రైవ్ చేస్తే వస్తుంది మా ఊరు. ఇంటి నుంచి పని చేసుకోవచ్చని ఆఫీస్‌లో చెప్పగానే, అపార్ట్‌మెంట్ వదిలేసి వందేళ్లు దాటిన ఈ చెక్క ఇల్లు కొన్నాను. మా ఆవిడ వద్దంది. ఇల్లు చూసిన రోజే గోడ మీద చెయ్యి ఆనించి, పాపకు చలి పెడుతుందని చెప్పింది. అప్పటికి మా పాపకు ఏడాదిన్నర. నేనున్నాను కదా, ఎలా పెడుతుందో చూస్తానని గొప్పగా మాటిచ్చాను.

పెట్టింది. వసంతం దాకా వస్తుందనుకున్న ప్రొపేన్, అంటే ఇల్లు వెచ్చబెట్టే గ్యాస్, క్రిస్మస్ రాకముందే అడుగంటింది. అదే నెలలో మా ప్రాజెక్ట్ ఉంటుందో పోతుందో తెలియదు, ప్రాజెక్ట్ పోతే వీసా సంగతి చెప్పనక్కర్లేదు. మా ఆవిడ ఒక్క మాట అనలేదు. పాపకు స్వెటర్ మీద స్వెటర్ తొడిగి, నా వైపు ఒకసారి చూసేది. దానికన్నా నాలుగు తిట్టినా బాగుండేది.

అదిగో, అప్పుడు వచ్చారు పెద్దాయన. మెట్టు మీద బూట్లు రెండుసార్లు తన్ని మంచు దులుపుకుని, తలుపు తీయగానే హలో కూడా లేకుండా, మీ కప్పు మీద మంచు ఈ చుట్టుపక్కల అందరికన్నా ముందు కరిగిపోతోంది, అంటే మీరు డబ్బు పోసి ఆకాశాన్ని వెచ్చబెడుతున్నారు అన్నారు. జీవితమంతా వ్యవసాయం చేసి మానుకున్న మనిషి. భార్య పోయాక ఒక్కరే ఉండేవారు. ఆ రోజు నుంచి ఆ చలికాలమంతా మా ఇంటికి ఆయనే వైద్యుడు.

"ఇల్లంతా కాదు, మనుషులున్న చోటు వెచ్చబెట్టు" అనేవారు. ఆయన ఇంగ్లీషు మాటల్ని నా తెలుగులో రాస్తున్నాను. పై అంతస్తులో గొట్టాలు గడ్డకట్టకుండా నీళ్లు కట్టేయించి, గదులన్నీ మూయించారు. వేడి మెట్లెక్కి పైకి పోకుండా మెట్ల మొదట్లో మందపాటి బొంత వేలాడదీయించారు. మేం ముగ్గురం కింద మూడు గదుల్లో సర్దుకున్నాం. పునాది చుట్టూ గడ్డి మోపులు పేర్పించారు. కిటికీలకు పల్చటి ప్లాస్టిక్ అంటించి, మా ఆవిడ హెయిర్ డ్రయర్‌తో కాచి బిగించడం నేర్పారు. ఎండ వచ్చే వైపు కర్టెన్లు పొద్దున తీయాలి, ఎండ దిగగానే వేయాలి. ఒక్క రోజు మర్చిపోతే చేనుకు అవతలి నుంచే చూసి ఫోన్ చేసేవారు. నేను ఏదైనా తప్పుగా చేస్తే తప్పు అనేవారు కాదు. టోపీ తీసి, బట్టతల తడుముకుని, మళ్లీ పెట్టుకునేవారు. మొదటి నెలలో ఆ టోపీ తల మీద నిలిచింది తక్కువ.

చలిగాలి ఎక్కడి నుంచి దూరుతోందో కనిపెట్టడానికి కొవ్వొత్తి వెలిగించి గోడల వెంట తిరగమన్నారు. నేను కొవ్వొత్తికి బదులు అగరుబత్తి పట్టుకుని తిరిగాను. పొగ సన్నగా వెళ్తూ వెళ్తూ, సందు దగ్గరకు రాగానే ఠక్కున పక్కకు వంగేది. ఈ పద్ధతి పెద్దాయనకు ఎంత నచ్చిందంటే, ఒక ప్యాకెట్ అడిగి పట్టుకెళ్లి తన ఇంట్లోనూ తిరిగారు. నాన్న ఇంట్లో ఈ గంధం వాసనేమిటని వాళ్లమ్మాయి హడలిపోయిందట. నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. అక్కడే నా తెలివి తెల్లారింది.

అగరుబత్తి పట్టుకుని బేస్‌మెంట్‌లోకి కూడా దిగాను. గ్యాస్ మండించి ఇల్లంతా వేడి పంపే ఫర్నేస్ పక్కన, బయటి నుంచి వచ్చిన ఒక వెడల్పాటి గొట్టం నోరు తెరుచుకుని ఉంది. అందులోంచి చల్లటి గాలి ధారగా పడుతోంది. ఇంత పెద్ద కన్నం ఇన్నాళ్లూ ఎవరూ చూడలేదా అని నవ్వుకుని, మా ఆవిడ పాత నూలు చీర ఒకటి ఉండచుట్టి అందులో కుక్కేశాను. రెండు రోజులు ఇల్లు వెచ్చగా ఉంది. మా ఆవిడ ఒక స్వెటర్ తీసేసింది కూడా. నేను ఎవరికీ చెప్పలేదు. పెద్దాయన వచ్చినప్పుడు చూపించి ఇంకోసారి మెప్పు పొందాలని దాచుకున్నాను.

ఆ గొట్టం ఫర్నేస్ ఊపిరి అని నాకు తెలియదు. మంట మండడానికి గాలి దాంట్లోంచే రావాలి. అది మూసేస్తే, ఇల్లంతా ప్లాస్టిక్‌తో బిగించేస్తే, మంట వదిలే విషవాయువు చిమ్నీలోంచి పైకి పోలేక ఇంట్లోకే తిరుగుతుంది. కంటికి కనపడదు, వాసన రాదు. మామూలు పొగనైనా, ఆ వాయువునైనా పసిగట్టి అరవాల్సిన అలారం హాల్లో గోడకు ఉంది. పోపు పెట్టినప్పుడల్లా గోల చేస్తోందని దాని బ్యాటరీ ఇంట్లోకి దిగిన వారానికే తీసి డ్రాయర్‌లో పడేసింది కూడా నేనే. మనవాళ్ల ఇళ్లలో ఇది మామూలే కదా అనుకున్నాను.

మూడో రోజు పొద్దున మా ఆవిడ తలనొప్పి అంటూనే పచ్చడికి ఎండుమిరపకాయలు వేయిస్తోంది. పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఫుల్‌గా తిరుగుతూ ఇంట్లో ఉన్న కాస్త గాలినీ లాగేస్తోంది. పదకొండు గంటలకే పాప సోఫాలో పడుకుని నిద్రపోతోంది. పెద్దాయన అగరుబత్తుల కోసం వచ్చారు. లోపలికి రెండడుగులు వేసి, లోపల ఆవిరి పట్టి నీళ్లు కారుతున్న కిటికీల్ని చూశారు, పాపను చూశారు. ముందు తలుపు, వెనక తలుపు బార్లా తీసి, ఫర్నేస్ ఆపి, పాపను ఎత్తుకుని తన ట్రక్కులోకి నడిచారు. మా ఆవిడ బిత్తరపోయి వెనకే పరిగెత్తింది. వాళ్లను తన ఇంట్లో దింపి, తిరిగి వచ్చి నాతో బేస్‌మెంట్‌లోకి దిగారు. గొట్టంలోంచి చీర లాగారు. మూరలు మూరలుగా వచ్చింది. టోపీ తీశారు. ఈసారి మళ్లీ పెట్టుకోలేదు.

"ఇల్లు కూడా ఊపిరి పీల్చుకోవాలి" అన్నారు.

సాయంత్రానికి మా ఆవిడ తలనొప్పి పోయింది, పాప లేచి బిస్కెట్లు అడిగింది. డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లాల్సింది, వెళ్లలేదు. వెళ్తే ఏమైందో చెప్పాలి. ఏమైందని మా ఆవిడ అడిగితే, ఫర్నేస్ గొట్టం మూసుకుపోయిందని మాత్రం చెప్పారు పెద్దాయన. ఉడుత గూడు కట్టి ఉంటుందని ఆవిడే అనేసింది. ఆయన నా వైపు చూశారు. నేను అవునన్నట్టు తల ఊపాను. బయటికి వచ్చాక నా భుజం మీద చెయ్యి వేసి, ఇది నేను చెప్పే మాట కాదు, నువ్వు చెప్పేది అన్నారు. కొత్త అలారం కొనుక్కొచ్చి, తన చేత్తో బిగించి వెళ్లారు.

నేను చెప్పలేదు. రెండేళ్లపాటు తేలు కుట్టిన దొంగలా ఉన్నాను. మా ఆవిడ మాత్రం ఆ ఉడుత కథ అందరికీ చెప్పింది. నేపర్‌విల్ స్నేహితులు వస్తే నన్ను పక్కనే కూర్చోబెట్టుకుని చెప్పేది, చెప్పేకొద్దీ ఉడుత లావెక్కేది. పెద్దాయన వింటూ చారు తాగేవారు. మొన్న అక్టోబర్‌లో గడ్డి మోపులు పేరుస్తుంటే, ఆ ఉడుత పాపం ఇంకా జైల్లోనే ఉందా అని అడిగారు. ఈ చలికాలం తప్పకుండా చెబుతానన్నాను. ఆయన నమ్మినట్టే తల ఊపారు.

నా భార్యాబిడ్డల ప్రాణాలు నిలబెట్టారు ఆయన. నా పరువు కూడా కాపాడారు. ఆ రెండోది నేను సరిగ్గా వాడుకోలేదు. ఆయన బతికున్నంత కాలం ఆ నిజం తెలిసిన మనిషి ఇంకొకరున్నారు కదా అని ఒక ధైర్యం. గురువారం నుంచి అదీ లేదు.

శనివారం పొద్దున మా ఆవిడ ఒక కాగితం తెచ్చి నా చేతికిచ్చింది. చర్చి హాల్లో చదవడానికి రాసుకుంది, ఇంగ్లీషు తప్పులుంటే దిద్దమంది. మొదటి వాక్యంలోనే ఉడుత ఉంది. ఆయన కూతురి ముందు, ఆయన మనుషులందరి ముందు ఆవిడ దాన్ని చదవబోతోంది. నేను పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఒక్క అక్షరం దిద్దలేకపోయాను.

"ఉడుత కాదు" అన్నాను. "నేను."

చీర సంగతి చెప్పాను, బ్యాటరీ సంగతి చెప్పాను, పెద్దాయనకు తెలుసని కూడా చెప్పాను. అరుస్తుందనుకున్నాను. ఆవిడ నన్ను చూడనైనా లేదు. లోపలికెళ్లి, మంచం మీద బొమ్మలతో ఆడుకుంటున్న పాపను దుప్పటితో సహా ఎత్తుకుంది. నాలుగేళ్ల పిల్ల, బరువు. అలాగే మోసుకుంటూ, కోటైనా వేసుకోకుండా, ముందు తలుపు తీసుకుని మంచులోకి వెళ్లి నిలబడింది. పాప నోట్లోంచి తెల్లగా ఆవిరి వస్తోంది. మా ఆవిడ దాన్నే చూస్తోంది.

నేను గడప దాకా వెళ్లాను. అలవాటు కొద్దీ చెయ్యి తలుపు మీదకు పోయింది.

"తలుపు ఎయ్యకు" అంది నా వైపు తిరగకుండా. "అట్లనే ఉండనియ్యి."

కింద ఫర్నేస్ మొదలైంది. ఇంట్లోని వెచ్చదనమంతా నా పక్క నుంచే బయటికి పోతోంది. నేను తలుపు మీంచి చెయ్యి తీసేశాను.