గొర్రెకు సిద్ధమై చెట్టుకు దొరికిన జాన్సన్

చిత్తూరు దగ్గర ఆంగ్లికన్ సంప్రదాయంలో పాస్టర్లను తయారుచేసే వేదాంత కళాశాల ఒకటి ఉందని నాకు తెలిసింది జాన్సన్ వల్లే. రేణిగుంటలో మా ఇల్లూ వాళ్ళిల్లూ ఒకే గోడకు అటూ ఇటూ. రంజానుకు మా సేమ్యా, క్రిస్మస్‌కు వాళ్ళు నూనెలో వేయించిన గులాబీ పువ్వులు ఆ గోడ మీదుగానే ప్రయాణం చేస్తాయి. వాడు నిరుడు ప్రసంగ పరీక్ష తప్పాడు. ఈసారీ తప్పితే ఇంకో ఏడాది అక్కడే ఉండాలి, వాడు పాస్టరుగా వస్తాడని ఎదురుచూస్తున్న సంఘం వేరొకరికి వెళ్ళిపోతుంది. "నువ్వొచ్చి ముందర కూర్చో బాషా, నీ మొగం సూస్తే ధైర్యంగా ఉంటాది" అని ఫోన్ చేశాడు. నా ముఖం చూసి ధైర్యం తెచ్చుకున్న మొదటి మనిషి వాడే కాబట్టి ఆదివారం పొద్దున్నే బయల్దేరాను.

తిరుపతి బస్టాండులో ఆరు గంటలకు చిత్తూరు బస్సు ఎక్కాను. టికెట్ వందకు అటూ ఇటూ. చంద్రగిరి దాటేదాకా నిద్ర, ఆ తర్వాత కిటికీ నిండా మామిడి తోటలు. ఎనిమిదికల్లా చిత్తూరులో దిగి ఆటో ఎక్కితే, కళాశాల పేరు వినగానే డ్రైవరు నన్ను ఎగాదిగా చూసి, నేను కూడా చేరడానికే వచ్చానా అని అడిగాడు. స్నేహితుడి ప్రసంగం వినడానికన్నాను. "అయితే ముందు టిఫిన్ తినిపో సామీ. వాళ్ళు మొదలుపెడితే ఆపరు" అని మంచి ఇడ్లీ దొరికే చోట ఆపాడు. ఈ ప్రయాణంలో నాకు దొరికిన మొదటి ఆధ్యాత్మిక సలహా అదే.

కళాశాల చిన్నది. ఒక ప్రార్థనా మందిరం, నాలుగు తరగతి గదులు, హాస్టలు, బెండకాయల మడి. పొద్దున ప్రార్థన, తర్వాత బైబిలు కోసం గ్రీకు వ్యాకరణం, సాయంత్రం తోటపని, వంతులవారీగా వంట. గ్రీకు వచ్చి కూరలో ఉప్పు వేయడం రానివాడు పల్లెలో ఏం చేస్తాడని అక్కడి పెద్దల ఆలోచన. ఆదివారమైతే ఒక్కొక్కరిని ఒక్కో పల్లెకు పంపుతారు. జాన్సన్ తెల్ల అంగీ ఇంకా ఆరలేదట, పక్క గదివాడిది తొడుక్కున్నాడు. అది వాడికి జానెడు ఎక్కువ పొడుగు. రెండు చేతులతో ఎత్తి పట్టుకుని కొత్త పెళ్ళికూతురిలా వ్యాను ఎక్కాడు. దారి పొడుగునా తప్పిపోయిన గొర్రె మీద తన ప్రసంగం నాకు అప్పజెప్పాడు.

పల్లె గుడిలో పది గంటలకు ఆరాధన మొదలైంది. ఆ రోజు పరీక్ష కాబట్టి ప్రసంగం నేర్పే సారూ తోటి విద్యార్థులూ కూడా వచ్చి వెనక బెంచీల్లో కూర్చున్నారు. నేను మాటిచ్చినట్టే ముందు వరసలో. వీళ్ళ పద్ధతిలో ఏ ఆదివారం ఏ పాఠం చదవాలో ముందే నిర్ణయమై ఉంటుంది, మూడేళ్ళకొకసారి అవే మళ్ళీ వస్తాయి. మనవాడు చూసుకున్నది నిరుటి పట్టిక. చదివే ఆయన లేచి, కాయని అంజూరపు చెట్టు కథ చదివాడు. యజమాని నరికెయ్యమంటాడు, తోటమాలి ఇంకో ఏడాది ఉండనివ్వమని బతిమాలతాడు. జాన్సన్ ముఖం వాడి అంగీ కంటే తెల్లబడింది.

లేచి నిలబడి చాలాసేపు నన్నే చూశాడు. నా ముఖంలో ఏమీ దొరకలేదు కాబోలు, నిజం చెప్పేశాడు. "నేను గొర్రె గురించి సదువుకోనొచ్చినా. ఈ పాఠం నాకు రాదు. కానీ ఈ చెట్టు నేనే. నిరుడు కాయలేదు. మా సారు ఆ వెనకాల గొడ్డలి పట్టుకోని కూర్చోనుండాడు."

గుడంతా నవ్వింది. సారు కలం ఆగింది.

"చెట్టు కోసం అడిగేదానికి తోటమాలి ఉండాడు. నాకెవురుండారో తెలీదు" అన్నాడు. అప్పుడు గోడవారగా కూర్చున్న ఎస్తేరమ్మ అనే ముసలావిడ, "మేముండాంలే నాయనా, సెప్పు" అంది. ఆమె కాలు విరిగి మంచాన పడ్డప్పుడు జాన్సన్ ప్రతి ఆదివారం వెళ్ళి పక్కన కూర్చుని ప్రార్థించేవాడని తర్వాత తెలిసింది. పాస్టరు పని కూడా ఆ తోటమాలి పనేనేమో, గొడ్డలి పట్టుకున్నవాళ్ళ ముందు నిలబడి ఇంకో ఏడాది ఉండనివ్వమని అడగడమేమో అని చెప్పి వాడు ముగించాడు. వేదిక దిగేటప్పుడు అంగీ తొక్కి పడబోయాడు కూడా.

అసలు పరీక్ష భోజనాల దగ్గర. ప్రసంగం చేసినవాడే అందరికీ వడ్డించాలి, తినేవాళ్ళు తప్పులు చెబుతారు, అందరూ చేతులు కడిగేదాకా వాడు నోరెత్తకూడదు. ఒకడు ప్రసంగానికి మూడు భాగాలు లేవన్నాడు. ఇంకొకడు పట్టిక సంగతి ఎత్తాడు, గ్రీకు మాట ఒక్కటీ రాలేదని కూడా చేర్చాడు. జాన్సన్ మారు మాట్లాడలేదు, కాకపోతే గరిటె వాడి చేతిలో ఉంది. ఎక్కువ తప్పులు పట్టినవాడి విస్తట్లో కోడికూర పేరుతో కరివేపాకే పడింది. సారు మాత్రం ఆఖరి ముద్ద దాకా ఏమీ అనలేదు. చేయి కడుక్కుని వచ్చి, "ప్రసంగం బాగలేదు. పాస్టరు బాగుండాడు" అన్నాడు. అంటే పాసయినట్టేనా అని నేనే ఆత్రంగా అడిగాను. "పాస్టరనేసినాను గదప్పా" అన్నాడు.

సాయంత్రం బస్సులో ఒక్కడినే తిరిగొస్తుంటే సంతోషంగానే ఉంది, బెంగగానూ ఉంది. వాడికి సంఘం దొరికింది, మా గోడకు అవతల మనిషి లేకుండా పోతున్నాడు. ఇక మా సేమ్యా ఏ ఊరికి బస్సెక్కాలో. మీరూ ఇలాంటి ఆరాధనకు వెళ్ళదలిస్తే సందర్శకులను ఎవరూ వద్దనరు, ముందుగా ఫోన్ చేస్తే భోజనం కూడా పెడతారు. ఒక్క సలహా మాత్రం రాసి పెట్టుకోండి. మాట్లాడేది మీ స్నేహితుడైతే ముందు వరసలో కూర్చోకండి, కళ్ళు తుడుచుకోవడానికి ఎవరి వీపూ అడ్డం ఉండదు.