సాంచె మీద మూడు దెబ్బలు

దయ్యాలను నమ్మేంత తీరిక మా ఇంట్లో ఎవరికీ ఉండేది కాదు. సిరిసిల్లలో సాంచెల దగ్గర, అంటే మరమగ్గాల మధ్య, పన్నెండు గంటలు నిలబడి వచ్చిన మనిషికి నడుం వాలిస్తే చాలు. నేనూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్ముతున్నానని అనను.

సాంచెల మోతకు మా బాపు, అంటే నాన్న, చెవులు సగం పోయాయి. కార్ఖానాలో ఎవరినైనా అరిచి పిలవడమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. అందుకే బాపు నూలు అయిపోయిన ఖాళీ కండెతో వాళ్ల సాంచె మీద కొట్టేవాడు. చెవికి కాకపోయినా చేతికి తెలిసేది. ఒకటి కొడితే పోగు తెగిందని, మూడు కొడితే అన్నానికి రమ్మని. ఇంట్లోనూ అంతే, తలుపు మీద మూడు.

నేను కరీంనగర్‌లో ఇద్దరు స్నేహితులతో బ్యాండ్ పెట్టాను. మాది పోస్ట్-పంక్ అనే రకం రాక్ సంగీతం. పాడినట్టు ఉండదు, అలిసిపోయి తిట్టుకున్నట్టు ఉంటుంది.

"గిది పాటనా? మన సాంచె చప్పుడే గదరా" అన్నాడు బాపు ఒకనాడు, ఇంట్లో మా పాట విని.

నాకు ఒళ్లు మండింది. ఆ మధ్యాహ్నం హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటే తలుపు మీద మూడుసార్లు కొట్టాడు. వినపడింది. లేవలేదు. ఒక్కడే తిని పనికి పోయాడు. సాయంత్రం సాంచె దగ్గరే గుండె ఆగి కూలిపోయాడు.

ఏడాది తర్వాత, హైదరాబాద్‌లో రెండు గదుల్లో నడిచే చిన్న మ్యూజిక్ కంపెనీ ఒకటి మా మొదటి పాటను సింగిల్‌గా విడుదల చేస్తామంది. డ్రమ్స్‌కు బదులు బాపు నడిపిన సాంచె చప్పుడే పెడదామనుకున్నాను. ఆదివారం పొద్దున, కార్ఖానా నడిపే ఆసామిని అడిగి, లోపల గడియ వేసుకుని నాలుగు నిమిషాలు రికార్డు చేశాను. మిగతా సాంచెలన్నీ బంద్. నేను తప్ప ఎవరూ లేరు.

దాన్ని పాటలో కలిపి పంపిన రెండు రోజులకు కంపెనీ ఆయన ఫోన్ చేశారు. "చివర్లో మూడుసార్లు టక్‌టక్‌మని కొట్టావు చూడు, అది బాగుంది తమ్ముడూ. ఉంచేద్దాం."

నేనేమీ కొట్టలేదు. నా దగ్గరున్న రికార్డింగు తీసి విన్నాను. సాంచె ఆగే ముందు, మూడు దెబ్బలు. ఏదో నట్టు వదులైందనుకున్నాను. సాంచెలు బాగుచేసే మేస్త్రీ చూసి, అన్నీ బిగువుగానే ఉన్నాయన్నాడు. ఇంకో రెండుసార్లు రికార్డు చేసినా ఆ చప్పుడు రాలేదు. విసుగొచ్చి వదిలేశాను.

పాట వచ్చిన రోజు ఇంట్లో మా అవ్వకు, అంటే అమ్మకు, నా ఫోన్లో పెట్టి వినిపించాను. దెబ్బల సంగతి చెప్పలేదు. అవ్వ తల ఎత్తకుండా బీడీలు చుడుతూ విన్నది. పాట అయిపోతుండగా అన్నది:

"లే బిడ్డా, బాపు అన్నానికి పిలుస్తుండు. ఇనవడ్తలేదా?"

అన్నాక తనే ఉలిక్కిపడి, చేతిలో ఆకు అలాగే పట్టుకుని నన్ను చూసింది.

అదేమిటో నాకు నేటికీ తెలియదు. తేల్చుకునే ఓపిక కూడా లేదు. ఆ పూట మాత్రం వెంటనే లేచి, చేతులు కడుక్కుని, కంచం ముందు కూర్చున్నాను.